చెట్టుకు జామీను

ఆ పనసచెట్టును నరికింది నేనే. ఊళ్లో ఎవరినడిగినా బాలమల్లు నరికాడని చెబుతారు. మొదటి దెబ్బ అతను వేసిన మాట నిజమే, ఆచారం కాబట్టి వేశాడు. తక్కిన దెబ్బలన్నీ నావి. నా పేరు పర్శరాములు, కట్టెపని చేసే వడ్లవాణ్ణి. ఏ మాను గట్టిదో, ఏ మాను లోపల డొల్లో చూపుతోనే చెప్పగలనని ఒకప్పుడు నాకు మహా గర్వం. ఇప్పుడు ఆ మాట నా ముందు ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోతాను.

మా ఊరు మెట్‌పల్లికి మూడు కోసుల దూరం. చుట్టుపక్కల ఊళ్లలో మామిడి ఉంది, సీతాఫలం ఉంది, తాటిచెట్లకైతే లెక్కే లేదు. పనస మాత్రం ఒక్క బాలమల్లు వాళ్ల బావిగడ్డ మీదే ఉండేది. వాళ్ల బాపు నాగయ్య వయసులో ఉన్నప్పుడు రైలుకట్ట పనికి పోయి, అక్కడ కోస్తా నుంచి వచ్చిన ఒక మేస్త్రీ పెట్టిన తొనలు తిని, గింజలు రుమాలులో మూటగట్టి తెచ్చాడు. ఐదు నాటితే మూడు బతికాయి. మొదటిసారి కాయ పట్టినప్పుడు ఊరంతా చూడబోయింది. కొమ్మలు వదిలేసి మానుకు కాయలు కాయడమేమిటి, చెట్టుకు గడ్డలు లేచాయని ముసలమ్మలు పసుపు పూయబోయారట. పనస గురించి మా ఊరికి తెలిసిందల్లా ఆ మూడు చెట్లు నేర్పిన చదువే. ఆ చదువు ఎంతో మాకు తర్వాత తెలిసింది.

కాయని చెట్టును బెదిరించే ఆచారం మాకు పాతది. మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదటి రోజున, చెట్టుగలవాడు గొడ్డలి పట్టుకొని చెట్టు ముందు నిలబడి, "కాస్తవా, సస్తవా?" అని మూడుసార్లు అడుగుతాడు. మూడోసారి గొడ్డలి ఎత్తగానే ఆ ఇంటికి సంబంధం లేని మనిషి ఎవరో ఒకరు వెనకనుంచి వచ్చి మణికట్టు పట్టుకొని, "ఆగు, వచ్చే మిరుగం దాక చెట్టుకు నేను జామీను" అంటారు. అంతే, గొడ్డలి దించి, తలా ఇంత బెల్లం ముక్క నోట్లో వేసుకొని ఇళ్లకు పోతారు. మరుసటి ఏడు కాస్తే మొదటి పండు జామీను నిలబడ్డవాళ్లది. కాయకపోతే చెట్టు పోతుంది, జామీను మనిషి ఆ ఇంటి గడప మళ్లీ తొక్కకూడదు, ఆ ఇంటి నీళ్లు ముట్టకూడదు. మంచికాలంలో ఇదంతా నవ్వులాటగా ఉండేది. పడని వియ్యంకుణ్ణి ఏరికోరి జామీను నిలబెట్టేవాళ్లు కూడా ఉండేవాళ్లు. కాస్తే పండు పోయె, కాయకపోతే వియ్యంకుడి పీడ పోయె.

కానీ కరువు వచ్చాక నవ్వులాటలన్నీ నిజాలవుతాయి. వరసగా రెండేళ్లు వానల్లేవు. బాలమల్లు బావి అడుగు పగిలింది. చెరువు మట్టి నెర్రెలిచ్చింది. మూడు పనసచెట్లూ కాపు మానేశాయి. ఆ మిరుగం నాడు బాలమల్లు గొడ్డలి పట్టుకొని నిలబడితే మొదటి చెట్టు దగ్గర అతని చెయ్యి పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. రేపు ఏ ఇంట్లో ఒక చెంబు నీళ్లు అడగాల్సి వస్తుందో తెలియని కాలంలో ఒక గడపను వదులుకునే జామీను ఎవరు పడతారు? పైగా బాలమల్లుకు కట్టె అమ్మి బావి లోతు తవ్వించాలని ఉందని అందరికీ తెలుసు. నేను రంపం పట్టుకొని పక్కనే ఉన్నాను. పనస కట్టె మీద నా కన్ను పడి ఏళ్లయింది. కోస్తే పసుపుకొమ్ము విరిచినట్టు లోపలంతా పచ్చగా ఉంటుంది, చెద పట్టదు, ఎండకు చీలదు. నేను కూడా కదల్లేదు.

రెండు చెట్లు పడ్డాయి. మూడోదాని దగ్గర బాలమల్లు మూడోసారి గొడ్డలి ఎత్తాడు. అప్పుడు ఆడవాళ్లలోంచి కనకవ్వ విసురుగా వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"ఆగు తమ్మీ. వచ్చే మిరుగం దాక గీ చెట్టుకు నేను జామీను."

అందరి నోళ్లూ తెరుచుకుపోయాయి. కనకవ్వ ఎవరో కాదు, బాలమల్లుకు సొంత అక్క, ఆ ఇంట్లోనే ఉంటుంది. పెనిమిటి మొండయ్య బొంబాయి మిల్లుకు పోయి ఏడేళ్లు. మొదట ఉత్తరాలు వచ్చాయి, తర్వాత అక్కడ ఇంకో ఆడమనిషితో కాపురం పెట్టాడన్న కబురు వచ్చింది, తర్వాత అదీ రాలేదు. అత్తగారింటి కప్పు కూలిపోయింది. ఆమె తమ్ముడింటికి వచ్చి ఇద్దరి కష్టం ఒక్కతే చేసేది. ఆ మూడు చెట్ల తొనలు మెట్‌పల్లి అంగడిలో అమ్మేది, ఆ సంపాదనతో ఇంట్లోకి ఉప్పూ చింతపండూ తెచ్చేది. నేను తింటున్నది నా చెట్ల తిండి అని తలెత్తుకొని చెప్పేది. నోరు కూడా అంతే పెద్దది.

"ఇంటిమనిషి జామీను చెల్లుతదా?" అని ఎవరో అన్నారు. అందరూ అంతయ్య వైపు చూశారు. ఊళ్లో పెద్దవయసు ఆయనది, ఆచారాలకు ఆయన మాటే మాట. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"పెండ్లయిన ఆడిబిడ్డ. ఇంటిపేరు మారింది. గా లెక్కన పరాయిదే. చెల్లుతది."

అలా కనకవ్వ జామీను చెల్లింది. ఆ ఒక్క మాటతో పుట్టింట్లో పరాయిది కూడా అయింది. చెట్టు కాయకపోతే ఆమె ఆ గడప దిగి పోవాలి. ఆమెకు ఇంకో గడప లేదు. బాలమల్లు గొడ్డలి కింద పెట్టి, "ఎందుకక్కా గిట్ల జేసినవ్?" అన్నాడు, ఏడుపు గొంతుతో. ఆమె తమ్ముడి నోట్లో బెల్లంముక్క పెట్టింది.

ఆ ఏడు కూడా వాన సరిగా పడలేదు, కట్టె అమ్మి లోతు తవ్వించినా బావిలో నీళ్లు రాలేదు. సర్కారు అమెరికా జొన్నలు పంచిన ఏడది. ఊళ్లో కాళ్లూచేతులూ ఉన్నవాళ్లమంతా కరువు పనికి రోడ్డు మీద మట్టి మోసేవాళ్లం. నేను ఉలి పక్కన పెట్టి తట్ట ఎత్తాను. రోజూ పొద్దున బావిగడ్డ మీదుగా పోతుంటే కనకవ్వ ఆ చెట్టు చుట్టూ తిరుగుతూ మాను మీద అరచేతులతో తడుముతూ కనబడేది. వాగులో చెలిమె తవ్వి కడవలో నీళ్లు తెచ్చేవాళ్లు ఆడవాళ్లు. తన స్నానానికి రావాల్సిన నీళ్లు ఆమె చెట్టు మొదట్లో పోసేది.

"మనుషులకు లేవు గని మానుకు పోస్తున్నవా వదినా? పోరగాండ్ల మొకాలు కడిగి నాలుగొద్దులాయె," అని బాలమల్లు భార్య రామవ్వ ఒకరోజు కడవ పట్టుకొని గుంజింది. రామవ్వ చెడ్డది కాదు. జొన్న గటకలో ఆడబిడ్డకు ఒక ముద్ద తక్కువ పెట్టిన రోజు తనకూ ఒక ముద్ద తక్కువ పెట్టుకునేది. ముగ్గురు పిల్లలు, ఎండిన బావి, ఇంకేం మాట్లాడుతుంది?

"నా తానానివి పోస్తున్న. నీ పోరగాండ్లవి పోస్తలేనుగద. ఇడువు," అంది కనకవ్వ.

శివరాత్రి వెళ్లింది. చెట్టుకు పిందె లేదు. ఉగాది వెళ్లింది. పిందె లేదు. ఒకరోజు నేను ఆగి, "ఏమన్న కనవడ్డదా కనకవ్వా?" అని అడిగాను. నిజంగా మంచిగానే అడిగాననుకుంటాను.

ఆమె నా వైపు తిరక్కుండానే అంది: "నువ్వు చూసే చూపుకు కాసేది గుడ కాయది పర్శరాములన్నా. నీ కన్ను కాయ మీద లేదు, లోపటి కట్టె మీదున్నది."

నాకు ఒళ్లు మండింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆ రోజంతా మట్టి మోస్తూ ఆమెను తిట్టుకున్నాను.

మిరుగం ఇంకా నాలుగు రోజులుందనగా కనకవ్వ వేములవాడ పోతానని బయలుదేరింది. రాజన్నకు మొక్కు ఉందంది. తిండి లేని కాలంలో మొక్కులేమిటని రామవ్వ సణిగింది గానీ, దేవుడి పేరు కాబట్టి అడ్డు చెప్పలేదు. కొంత దూరం బస్సు, కొంత దూరం నడక. మూడో రోజు ఆమె తిరిగి వచ్చింది, కాళ్లకు దుమ్ము కొట్టుకొని, చంకలో పెద్ద బట్టమూటతో. ఆమె కాళ్లకు ఎప్పుడూ ఉండే వెండి కడియాలు లేవు. అవి లేవని నేను చూశాను, మరెవరూ చూడలేదు. చూడడం నా పని కదా.

మరునాడు మధ్యాహ్నం అందరం రోడ్డు పని నుంచి వస్తుంటే బావిగడ్డ మీద రామవ్వ కేకలు వినబడ్డాయి. కట్టెపుల్లల కోసం పోయిన మనిషి చెట్టు ముందు నిలబడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని అరుస్తోంది.

"కాసింది! ఓ పోరగాండ్ల బాపూ, ఉరికి రా! చెట్టు కాసింది!"

పరుగెత్తాం. మానుకు వెనకవైపు, తల ఎత్తున, రెండు కొమ్మలు చీలే సందులో పచ్చటి పనసకాయ ఒకటి ఆనుకొని ఉంది. బాలమల్లు దాన్ని చూసి ముందు నవ్వాడు, తర్వాత చెట్టును కౌగిలించుకొని గోడుగోడున ఏడ్చాడు. అక్కను వెళ్లగొట్టాల్సిన రోజు రేపే కదా. ఆ ఏడాదంతా అతను కంటినిండా నిద్రపోలేదని నాకు అప్పుడే అర్థమైంది. రామవ్వ పసుపు కుంకుమ తెచ్చి మానుకు పూసింది. "రాజన్న ఇచ్చిండు. వదిన మొక్కుకు పోయొచ్చినంక ఇచ్చిండు," అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. కనకవ్వ కొంచెం దూరంగా నిలబడి ఉంది. చేతులు కొంగులో దాచుకుంది.

ఇక్కడే నేను నోరు మూసుకొని ఇంటికి పోవాల్సింది. అందరూ సంతోషంగా ఉన్నారు, ఒక ఆడమనిషికి నీడ మిగిలింది, పోయేదేమీ లేదు. కానీ నా కన్ను ఊరుకోలేదు. కాసిన కాయకు తొడిమ మానులోంచి వస్తుంది. దీని తొడిమ మాను మీద ఆనుకొని ఉంది. దాని చుట్టూ మట్టి మెత్తి ఉంది. మట్టి కింద మోదుగనార పోగు ఒకటి సన్నగా కనిపిస్తోంది. కనకవ్వ కొంగు ఒక్కసారి జారింది. వేళ్ల నిండా పనసపాలు నల్లగా జిగురుకట్టి ఉన్నాయి. ఆ జిగురు నూనె రాస్తేనే వదులుతుంది, ఆ ఏడు ఏ ఇంట్లో నూనె ఉంది?

నన్ను ఎవరూ అడగలేదు. అయినా అన్నాను.

"గిది కాసిన కాయ కాదు. కట్టిన కాయ."

ఎందుకన్నానో ఎన్నోసార్లు ఆలోచించాను. కట్టె మీద ఆశతో అన్నానా, ఆమె నన్నన్న మాటకు బదులు తీర్చుకున్నానా, లేక నా కంటికి ఏదీ దాగదని పదిమంది ముందు చూపించుకోవాలనా? మూడూ ఉన్నాయి. అన్నిటికంటే చివరిదే ఎక్కువ, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఎవరూ నమ్మలేదు. నేనే ముందుకు పోయి కాయ కింద చెయ్యి పెట్టి నెట్టాను. కాయ ఊగింది. మట్టి రాలి నార బయటపడింది.

బాలమల్లు అక్క వైపు తిరిగాడు. "నువ్వేనా అక్కా?"

"అవ్, నేనే కట్టిన," అంది కనకవ్వ. "కడియాలు అమ్మి ఏములాడల కొన్న. మీరంత పనికి పోయిన యాళ్లకు కట్టిన. ఒక్క ఏడాది తమ్మీ, ఒక్క ఏడాది నమ్మితే మీదేం పోతుండె? వచ్చే ఏటికి వాన పడకపోతుండెనా, చెట్టు కాయకపోతుండెనా?"

"దేవుని పేరు జెప్పినవ్ గదనే! రాజన్న పేరు మీద..." బాలమల్లు ముఖం పాలిపోయింది. కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. దేవుణ్ణి మోసం చేసిన ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు, వాన రావాల్సి ఉంది. నార తెంపి ఆ కాయను రెండు చేతులా ఎత్తి ఎండిన బావిలోకి విసిరేశాడు. అడుగున పడి పగిలిన చప్పుడు వినబడింది. ఆకలి ఏడులో ఒక పండు అలా పోయింది, దిగి తెచ్చుకోవడానికి కూడా ఎవరికీ ధైర్యం లేకపోయింది.

తెల్లారి మిరుగం. ఊరు ఊరంతా వచ్చింది. బాలమల్లు గొడ్డలి పట్టుకొని, "కాస్తవా, సస్తవా?" అన్నాడు. రెండోసారి అన్నాడు. మూడోసారి మాట పూర్తి కాలేదు. గొడ్డలి ఎత్తి అలాగే ఆగాడు. ఎవరైనా వచ్చి పట్టుకుంటారేమోనని మణికట్టు కొంచెం వెనక్కి వంచి పెట్టాడు. అంతయ్య వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఒక్క అడుగు వేస్తే చాలు. ఆ ఇంటి నీళ్లు తాగకపోతే నేనేం చావను. నేను గొడ్డలి అంచు వైపు చూస్తూ నిలబడ్డాను.

దెబ్బ పడింది. తర్వాత గొడ్డలి నా చేతికి వచ్చింది. పచ్చటి పేళ్లు లేచి పడుతుంటే, ఎంత మంచి కట్టె అని నా లోపల ఒకడు అనుకుంటూనే ఉన్నాడు. వాణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు.

చెట్టు పడగానే కనకవ్వ ఇంట్లోంచి తన మూట తెచ్చుకుంది. ఒక చీర, ఒక ఇత్తడి చెంబు. ఆ చెంబు కూడా ఖాళీదే, ఆ ఇంటి నీళ్లు ముట్టకూడదు కదా. రామవ్వ ఆకులో గటకముద్ద పెట్టుకొని వెంట ఉరికింది. "ఇది తినిపో వదినా, నీ కాల్మొక్త," అని ఏడ్చింది.

"వద్దు పిల్లా. పోరగాండ్లకు పెట్టు. ఇచ్చోడ కాడ రోడ్డుకు కంకర కొడుతుండ్రట. చేతులున్నయి, బతుకుత. ఫికర్ చెయ్యకు," అంది. ఇచ్చోడ అంటే గోదారి దాటి, అడవులు దాటి ఎక్కడో ఉంది. పొద్దున్నుంచీ ఆమె ఏమీ తినలేదు. తమ్ముడు మొద్దు మీద కూర్చొని తల ఎత్తలేదు. ఆమె కూడా అతన్ని పలకరించలేదు. పొలం గెట్టు దాటి బండ్లబాట పట్టింది.

మొదలు తవ్వే పని మిగిలింది. వంటచెరుకుకు వేళ్లు కూడా కావాలి. నేను గడ్డపార అందుకున్నాను. తూర్పువైపు నా తొడంత లావు వేరు ఒకటి భూమిలోకి పోయింది. దాని పక్కన మూడు నాలుగు పోట్లు పొడిచాను. ఐదో పోటుకు గడ్డపార మెత్తగా దిగింది. బయటికి తీస్తే మొనకు పసుపుపచ్చటి గుజ్జు అంటుకొని ఉంది. వెంటనే వాసన వచ్చింది. పనసపండు వాసన తెలిసినవాడు పొరబడడు.

నేను గడ్డపార పడేసి చేతులతో మట్టి తీశాను. బాలమల్లు కూడా వచ్చి తీశాడు. వేరుకు కాసి ఉంది. మూరెడు పొడవు, ఒక మనిషి ఎత్తితే ఆయాసపడే పండు, భూమి లోపల మాగి ఉంది. దాని పక్కన ఇంకో చిన్నకాయ. ముసలి పనస పైన కాపు మానేసి వేరుకు కాస్తుందని, నేల పగుల్ని బట్టి, వాసనను బట్టి తవ్వుకుంటారని చాలా ఏళ్ల తర్వాత ఒక కోస్తా మేస్త్రీ నాకు చెప్పాడు. వాళ్ల ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసట. మేము మాత్రం ఏడాది పొడుగునా తలలు పైకెత్తి చూశాం. మాకు చెట్టు నేర్పిన చదువు అంతవరకే.

బాలమల్లు ఆ గుంతలోనే కూలబడ్డాడు. "కాసింది. మాట తప్పలే. నేను నరికిన," అని అవే మాటలు మళ్లీ మళ్లీ అన్నాడు. అంతయ్య కర్ర ఆనించుకుంటూ గుంత అంచుకు వచ్చాడు.

"కాసిన చెట్టును నరికినవంటే కడుపుతోటి ఉన్నదాన్ని కొట్టినట్టే. గా పాపం ఇంటిని పడుతది. ఒక్కటే తొవ్వ ఉన్నది. జామీను మనిషి మొదటి తొన తిని మాఫీ అనాలె. పోయి తీస్కరా, ఉరుకు."

ఇద్దరం ఉరికాం. వాగు దాటే చోట ఆమెను పట్టుకున్నాం. ఇసుకలో ఎవరో తవ్విన చెలిమె పక్కన కూర్చొని ఊరిన నీళ్లు చెంబులోకి తోడుకుంటోంది. బాలమల్లు ఆయాసపడుతూ, "అక్కా, చెట్టు కాసింది!" అన్నాడు.

ఆమె తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. "ఏం తమ్మీ, నువ్వు గుడ కట్టినవా?"

అతను రెండు చేతులూ ఆమె ముఖం ముందు పెట్టాడు. మట్టీ పాలూ గుజ్జూ కలిసి మోచేతుల దాకా అంటుకొని ఉన్నాయి. ఆమె వాసన చూసింది. ముఖంలో ఏమీ మారలేదు, కాని చెంబు ఇసుకలో పక్కకు ఒరిగి నీళ్లు ఒలికిపోతుంటే పట్టించుకోలేదు. తర్వాత లేచి మా ముందు నడిచింది.

గుంత దగ్గర కూర్చొని ఆమె మొదట చేసిన పని, తొడిమ మీద వేలు పెట్టి వేరుదాకా మెల్లగా జరపడం. ఎక్కడా కట్టు లేదు. ఏడాది పాటు మాను తడిమిన వేళ్లవి. అక్కడ ఆమె ఒక్కసారి కళ్లు మూసుకుంది. ఏడ్చి ఉంటే మాకు కొంచెం తేలికయ్యేది. ఏడవలేదు.

"కత్తి తే," అంది. తనే పండు చీల్చింది. ముందు తమ్ముడి పిల్లలు ముగ్గురినీ పిలిచి చేతుల్లో పెట్టింది. రామవ్వకు పెట్టింది. అంతయ్యకు పెట్టింది. నిలబడ్డవాళ్లందరికీ, చంకల్లో పిల్లలున్న ఆడవాళ్లకు రెండేసి, పంచింది. ఎవరూ వద్దనలేదు. ఎన్నాళ్లకో తీపి తగిలిన నోళ్లు. నమిలే చప్పుళ్లే వినబడ్డాయి. బాలమల్లు మాత్రం చేతులు జోడించి ఆమె ఎదుట మోకాళ్ల మీద ఉన్నాడు.

"ఒక్క తొన నోట్లేసుకోని మాఫీ అను అక్కా. ఇల్లు నీది. జామీను నెగ్గింది. నువ్వు యాడికీ పోవద్దు."

"నెగ్గింది. అవ్," అంది కనకవ్వ. "అంతయ్య తాత ఇంటిపేరు మారిందన్ననాడు నువ్వు గమ్మునున్నవ్. నిన్న కాయ బాయిలేసినవ్, నీకు అన్నం కన్న దేవుని భయం ఎక్కువాయె. నేను నీ మీద పగవట్టలే తమ్మీ. నువ్వు గుడ కరువులనే ఉన్నవ్."

"మరి తిను అక్కా."

"ఆకలైతుంది. పొద్దటిసంది ఏం తినలే. కడుపుల మంట లేస్తుంది, నీకు అబద్ధమెందుకు జెప్పాలె? గని గిది నేను తింటే నువ్వు రేపటిసంది మంచిగ నిద్రపోతవు. చెట్టు లేదు, నేనుండ, నువ్వొక్కనివి నిద్రపోతవు. నేను తినను."

బాలమల్లు నేలకు తల ఆనించాడు. రామవ్వ నోట్లో తొన పెట్టుకొని నమలడం మర్చిపోయి నిలబడింది. కనకవ్వ చేతులు మట్టితో రుద్దుకొని, మూట అందుకుంది. ఆఖరి తొన ఒకటి ఆకులో మిగిలి ఉంది. అది తీసుకొని నా దగ్గరికి వచ్చింది. నేను ఇంకా పెట్టించుకోలేదు. ముందుకు పోవడానికి ముఖం చెల్లక వెనక నిలబడ్డాను.

"తిను పర్శరాములన్నా. నువ్వు గుడ పొద్దటిసంది గొడ్డలి ఏసి అలిసినవ్," అంది. గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

నా చేతిలో పెట్టి బండ్లబాట వైపు నడిచింది. ఆమె తర్వాత ఇచ్చోడ చేరిందా, దారిలోనే ఎక్కడైనా ఆగిందా, మాకెవరికీ తెలియలేదు. బాలమల్లు రెండుసార్లు వెతకడానికి పోయి వచ్చాడు. ఆ రోజు ఆమె మోదుగచెట్ల మలుపు తిరిగేదాకా నేను ఆ తొన చేతిలో పట్టుకొని నిలబడ్డాను. పారేద్దామనుకున్నాను, పిల్లలకు ఇద్దామనుకున్నాను. నిన్నటి నుంచీ నా కడుపులో కూడా ఏమీ లేదు. తిన్నాను. చాలా తియ్యగా ఉంది.